పోతున్ననట

లూసిడ్ డ్రీమింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లకు ఎవరైనా మొదట చెప్పే మాట ఒకటే. తలగడ పక్కన ఒక నోటుబుక్కు, ఒక పెన్ను పెట్టుకోండి. మెలకువ రాగానే కదలకండి, ఫోన్ ముట్టుకోకండి. ఇప్పటిదాకా ఎక్కడున్నాను అని మిమ్మల్ని మీరే అడగండి. చివరి ముక్క దొరికితే దాన్ని పట్టుకుని వెనక్కి నడవండి. దొరికినంత రాసి, తేదీ వేసి, ఒక పేరు పెట్టండి. రాత్రికి ఒక్క కలైనా గుర్తుండే అలవాటు అయ్యేదాకా మిగతా విద్యల జోలికి పోకండి. స్టీఫెన్ లాబెర్జ్ 1990లో హోవర్డ్ రైన్‌గోల్డ్‌తో కలిసి రాసిన పుస్తకం చెప్పేది ఇదే. ఆ తర్వాత వచ్చిన యాప్‌లూ వీడియోలూ చెప్పేదీ దాదాపు ఇదే.

కల నడుస్తుండగానే ఇది కల అని తెలిసిన కల. లూసిడ్ డ్రీమ్ అంటే అంతే. ఎప్పుడో ఒకసారి, ఏ దయ్యమో తరుముతున్నప్పుడు, ‘అరే ఇది కల కదా’ అనిపించి మెలకువ తెచ్చుకున్న అనుభవం చాలామందికి ఉంటుంది. దాన్ని కావాలని తెచ్చుకుని, తెచ్చుకున్నాక మేలుకోకుండా అందులోనే ఉండటం సాధన. దానికి డైరీ ఎందుకంటే, కలలే గుర్తులేని మనిషికి ఒకవేళ అలాంటి కల వచ్చినా పొద్దున్నకు మిగలదు. ఇంకోటి, పాతిక కలలు రాసి చూసుకుంటే మన కలల్లో పదేపదే వచ్చే చోట్లు, వస్తువులు, మనుషులు బయటపడతారు. ఈసారి వాళ్లు ఎదురైనప్పుడు అనుమానం రావాలి. అంటే డైరీ ఒక పనిముట్టు, పైకెక్కాక పక్కన పెట్టేసే నిచ్చెన లాంటిది. నేనూ అలా అనుకునే మొదలుపెట్టాను.

నాది సరదా కాదు. నాకు ఒక మనిషితో మాట్లాడే పని ఉండింది.

మా ఊరు ఇబ్రహీంపట్నం. ఈ పేరు చెప్పగానే హైదరాబాద్ వాళ్లు చెరువూ ఇంజనీరింగ్ కాలేజీలూ అనుకుంటారు. విజయవాడ వాళ్లు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు అనుకుంటారు. ఆ రెండూ కాదు. జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లి దాటినాక, గోదావరికి ఇవతల ఉన్నది మాది. 2016 దసరా దాకా కరీంనగర్ జిల్లా. చేన్లలో పసుపు, మక్కలు, వరి. ఇంట్లో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట. మగవాళ్లు దుబాయిలో. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, బహ్రెయిన్ పోయినా మా దగ్గర దుబాయి పోవుడే. కోరుట్ల వైపూ సిరిసిల్ల వైపూ కూడా ఎన్నో ఇళ్లది ఇదే కథ.

మా బాపు నాకు మూడేళ్లప్పుడు పోయాడు. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. నాకు ఊహ తెలిశాక నేను ఆయన్ని చూసింది, నాలుగు సెలవులూ కలిపితే, ఎనిమిది నెలలు. మిగతాదంతా ఫోన్. వాళ్లకు శుక్రవారం సెలవు కాబట్టి ఫోన్ శుక్రవారం వచ్చేది. 2011 ఏప్రిల్ 2న మాత్రం శనివారం వచ్చింది. వాంఖెడేలో ప్రపంచ కప్పు ఫైనల్. మ్యాచ్ గురించి నాతో మాట్లాడాలనే చేశాడు. గంభీర్ 97 దగ్గర ఔటై పోతున్నాడు. నాకు పదమూడేళ్లు. అమ్మ ఫోన్ అందిస్తుంటే టీవీ మీది కళ్లు తిప్పకుండా, ‘‘ఇప్పుడు గాదు, మల్ల మాట్లాడ్త అను’’ అన్నాను. అమ్మ చెప్పాల్సిన పని లేకుండానే ఆయనకు వినబడి ఉంటుంది. ఆ పై శుక్రవారం ఫోన్ రాలేదు. తర్వాతి వారం మధ్యలో వేరే గొంతుతో వచ్చింది. క్యాంపు గదిలో పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. ఇరవై రెండు రోజులకు పెట్టె శంషాబాద్‌లో దిగింది.

ఇది మా వైపు అరుదైన కథ కాదు. అందుకే ఎవరికీ పెద్దగా చెప్పుకోను. కానీ నిద్రలో పోయాడు అన్న ఒక్క ముక్క నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఒక రాత్రి ఏదో చదువుతూ లూసిడ్ డ్రీమింగ్ అనేది ఒకటి ఉందని తెలిసినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆకాశంలో ఎగరడం కాదు. అక్కడికి పోయి ఆ ఫోన్ ఎత్తొచ్చు కదా అని.

మొదటి తొమ్మిది రోజులు నోటుబుక్కులో ఒకే వాక్యం: ఏం గుర్తులేదు. పదో రోజు ‘లిఫ్టు, తడి’ అని రెండు మాటలు. ఆ తర్వాత ఒక్కసారిగా వరద. ఉద్దేశంతో పడుకుంటే గుర్తుండటం పెరుగుతుందన్నది నిజమే. నెల తిరిగేసరికి రాత్రికి రెండు, మూడు. ఎక్కువ తెల్లవారుజామువే. దానికి కారణం తెలిసిందే. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశను గుర్తించినప్పటినుంచి తేలింది ఏంటంటే, సుమారు గంటన్నరకొకసారి ఆ దశ వస్తుంది, తెల్లారుతున్నకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. పొడుగాటి కలలు అప్పుడే పడతాయి, వాటి మీదే మేలుకుంటాం. తెల్లవారుజాము కల నిజమవుతుందని మా బాపమ్మ అనేది. నిజం కావడం సంగతేమో గానీ, గుర్తుండే కల అదేనని ఆమెకు ఏ యంత్రం లేకుండానే తెలుసు. చచ్చిపోయినవాళ్లు కలలో వచ్చి ఏమన్నా అడిగితే దాన్ని పెత్తరమాసకు ఇచ్చే బియ్యంతో పాటు ఇయ్యాలనేది కూడా ఆమె లెక్కే. అడగకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

నా కలల్లో తిరిగి తిరిగి వచ్చేవి మూడు తేలాయి. మెట్‌పల్లి బస్టాండు. రింగవుతూ దొరకని ఫోన్. బాపు తెచ్చిన చెద్దరు, పెద్ద పులి బొమ్మ ఉన్నది, దాంట్లో అత్తరూ నిడో పాలపొడీ కలిసిన వాసన. బాపు మాత్రం రాలేదు. రెండు నెలలు రాశాక కూడా రాలేదు. 

ఈ దారిలో నాకంటే ముందు నడిచినవాళ్లను చదవడం అప్పుడే మొదలుపెట్టాను. 1867లో పారిస్‌లో హెర్వే ద సాంద్‌నీ అనే ఆయన, చైనా భాషలో పండితుడు, తన పేరు వేసుకోకుండా ఒక పుస్తకం అచ్చేశాడు. కలలు, వాటిని నడిపించే పద్ధతులు అని. పదమూడేళ్ల వయసులో కలలు రాయడం మొదలుపెట్టి ఇరవై రెండు నోటుపుస్తకాలు నింపాడు, బొమ్మలతో సహా. పదమూడేళ్లు అన్న దగ్గర నేను కాసేపు ఆగాను. లూసిడ్ అన్న పేరు స్థిరపడటానికి కారణం ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ అనే డచ్చి మానసిక వైద్యుడు, రచయిత, 1913లో వెలువరించిన వ్యాసం. ఆయన 1896 నుంచి కలలు రాశాడు. రెండేళ్లకు, కల అని తెలిసిన కలలకు వేరే ఖాతా తెరిచాడు. సుమారు ఐదు వందల కలల్లో 352 ఆ ఖాతాలోవి. వాటిలో ఆయన చనిపోయినవాళ్లను కలుసుకుంటాడు. పోయిన బంధువొకాయన కనిపించి, నీకు డబ్బు దెబ్బ తగలబోతుందని చెబుతాడు. వచ్చినవాడు నిజంగా ఆయనేనని వాన్ ఈడెన్‌కు ఏ మాత్రం సందేహం లేదు. ఆ పేజీని నేను ఆశతో చదివానని ఒప్పుకోవాలి.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు ఒక మాట. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హర్న్, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో లాబెర్జ్, నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్న విధంగా కళ్లను కుడి ఎడమలకు తిప్పి ‘నాకు తెలుసు’ అని సైగ చేయగలడని యంత్రాల మీద చూపించారు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, కలలో ఉన్నవాళ్లను చిన్న కూడికలు తీసివేతలు అడిగి జవాబు రాబట్టారు. అందరూ చెప్పలేదు, కొందరు చెప్పారు. అంటే లోపల ఒక మనిషి ఉండి వింటున్నాడనేది తేలిన విషయం. లోపల కనబడే మిగతా మనుషుల సంగతి ఏ యంత్రమూ చెప్పదు.

వానాకాలంలో మూడు వారాలు ఇంటినుంచి పని చేసుకునే వీలు దొరికి ఊరికి వెళ్లాను. మా ఇంట్లో నేనూ అమ్మా ఒకే గదిలో పడుకుంటాం. నడిరాత్రి లైటు వేసి రాస్తే అమ్మ లేస్తుంది. అందుకని పద్ధతి మార్చి, మెలకువ రాగానే ఫోన్‌లో గుసగుసగా చెప్పి రికార్డు చేసి, పొద్దున దాన్ని నోటుబుక్కులో ఎక్కించడం మొదలుపెట్టాను. నాలుగో రాత్రి బాపు వచ్చాడు.

పొద్దున ఎనిమిదింటికి, చాయ్ తాగి, ఆ ఉత్సాహంలో రికార్డు వినకుండానే రాసేశాను. మొత్తం గుర్తుంది కదా అని. మధ్యాహ్నం ఎందుకో ఫోన్ తీసి విన్నాను. నాలుగూ ఇరవైకి నిద్రగొంతుతో నేను చెప్పింది ఇది:

‘‘బాపు అచ్చిండట. దర్వాజల నిలవడ్డడట. చెద్దరు భుజం మీదేసుకున్నడు. నేను బస్సుకు పోతున్ననట. ఆగు అన్నట్టు చెయ్యి... లేదు, చెయ్యి ఎత్తలే. చూసిండు గంతే. ఏం అనలే.’’

నోటుబుక్కులో ఉన్నది ఇది: ‘నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజం మీద దుప్పటి. నేను బస్సుకు వెళ్తున్నాను. నన్ను చూసి చిన్నగా నవ్వి, పోయిరా అన్నాడు.’

రెండూ నేను చెప్పినవే. రెండిటికీ మధ్య మూడున్నర గంటలు, ఒక చాయ్. ఆ కాస్త సమయంలో ఒక నవ్వు పుట్టింది, ఒక మాట పుట్టింది. బాపు నాన్న అయ్యాడు. చెద్దరు దుప్పటి అయింది. ‘లేదు’ అని నన్ను నేను ఆపుకున్న చోటు మాయమైంది. కలను మెలకువ సాఫు చేసి కథగా కుట్టుకుంటుందని ఫ్రాయిడ్ 1900 అని అచ్చులో ఉన్న తన పుస్తకంలోనే చెప్పాడు, నేను చదివాను కూడా. చదవడం వేరు, దొరికిపోవడం వేరు. ఎందుకంటే ఇక్కడ నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఆ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చూడరు. నవ్వాడని నిజంగా నమ్మే రాశాను. రికార్డు లేకపోయి ఉంటే ఇవాళ్టికీ నమ్మేవాణ్ని, మా బాపు కలలో నవ్వి పోయిరా అన్నాడని పెళ్లయితే పెళ్లాంతో చెప్పుకునేవాణ్ని. అంతకుముందు రెండు నెలలు రాసిన వాటిలో ఎన్ని నవ్వులు ఇలా పుట్టాయో చూద్దామంటే వాటికి రికార్డులు లేవు.

ఇంకొకటి కూడా పోయింది. దాన్ని గమనించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ‘ట’ పోయింది.

తెలుగువాళ్లు కలను ఎలా చెబుతారో ఒకసారి వినండి. ఎక్కడికో వెళ్తున్నానట, పెద్ద చెరువు ఉందట, అందులో మా అత్త ఈదుతోందట. మావైపు పోతున్ననట, ఉన్నదట, ఈత గొడుతున్నదట. ‘ట’ అనేది మామూలుగా మనం స్వయంగా చూడని సంగతికి పెట్టే ముద్ర. వాళ్లబ్బాయికి వీసా వచ్చిందట. అంటే ఎవరో చెప్పారు, నిజానిజాల పూచీ నాది కాదు. మన గురించి మనం ‘ట’ వాడే సందర్భాలు చాలా తక్కువ. పుట్టినప్పుడు ఏడవలేదట నేను. తాగి ఆ రాత్రి గొడవ చేశానట. మనం ఉండి కూడా లేని చోట్లు అవి. కలను మనం ఆ వరసలో పెట్టాం. చూసింది నేనే, వేరే సాక్షి లేడు, అయినా ఎవరో వచ్చి నా గురించి నాకు చెప్పినట్టు చెబుతాను. చెప్పిందెవరు? వ్యాకరణం ఆ ఖాళీని అలాగే ఉంచేసింది. చిన్నప్పటినుంచి వాడుతున్న ఆ ఒక్క అక్షరంలో ఇంత నిజాయితీ ఉందని నాకు తోచలేదు. ఇంగ్లీషు పుస్తకాల సలహా ప్రకారం, వర్తమానంలో, అప్పుడే జరుగుతున్నట్టు, నేను వెళ్తున్నాను అతను నవ్వుతున్నాడు అని రాయడం మొదలుపెట్టగానే ఆ పూచీ లేని మాటలన్నిటికీ నేను పూచీ పడ్డాను.

కలకు పూచీ ఎవరిది అన్న ప్రశ్న పాతదే. నాలుగో శతాబ్దం చివర్లో అగస్టీన్ తన ఆత్మకథ పదో భాగంలో దీనితో కుస్తీ పడతాడు. మేలుకుని ఉన్నప్పుడు ఒప్పుకోని పనులకు కలలో ఒప్పుకుంటున్నాను, అప్పుడు నేను నేను కానా అని దేవుణ్ని అడుగుతాడు. చివరికి, అది నేను చేసింది కాదు, ఎలాగో నాలో జరిగింది అని ఊపిరి పీల్చుకుంటాడు. తెలుగొస్తే ఆయనకు ‘ట’ చాలా ఉపయోగపడేది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడితో దీనికి ఎదురు చెబుతాడు. అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, వాటినన్నిటినీ తానే సృష్టించుకుంటాడు, కర్త అతడే. అక్కడ తప్పించుకునే సందు లేదు. హరిశ్చంద్రుడి కథ ఇంకో మెలిక. మన బలిజేపల్లి నాటకంలో రాజ్యం పోయేది మెలకువలోనే. కానీ 1875లో భారతేందు హిందీలో రాసిన నాటకంలో రాజు తన రాజ్యాన్ని బ్రాహ్మణుడికి కలలో దానం చేస్తాడు. లేచాక దానికి కట్టుబడి ఆ మనిషి కోసం వెతుకుతాడు. ఇచ్చానట అని నవ్వేసి ఊరుకోవచ్చు. ఇచ్చాను అంటాడు. సత్యం అంటే ఈ పిచ్చిదాకా పోవాలా అని నాకెప్పుడూ అనిపించేది. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను.

ఎందుకంటే లూసిడ్ కలలో అగస్టీన్ సాకు చెల్లదు. అది కల అని నీకు తెలుసు. ఏం చేస్తున్నావో తెలుసు. అక్కడ చేసినదాన్ని పొద్దున లేచి ‘చేశానట’ అనలేవు.

నేను తిరిగి హైదరాబాద్ బయల్దేరే ముందు వారంలో అది వచ్చింది. మెట్‌పల్లి బస్టాండు. బస్సు బోర్డు మీద కోరుట్ల అని ఉంది. అలవాటుగా చూపు తిప్పి మళ్లీ చూశాను. నాకు చదవరాని లిపి. మూడోసారి ఖాళీ బోర్డు. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చాను, ఊపిరి ఆడింది. ఇవి రెండూ పుస్తకాల్లో చెప్పే పరీక్షలే. పగలు వందసార్లు చేసి జనం ముందు నవ్వులపాలైనవి. కల అని తెలిసింది. ఆ తెలియడం ఎలా ఉంటుందంటే, కరెంటు వచ్చినట్టు కాదు, కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ల శబ్దం ఆగి ఊరంతా వినబడినట్టు. ఇంటికి పోవాలనుకున్నాను, ఇల్లు వచ్చింది. బాపు దర్వాజలో ఉన్నాడు. గుండె కొట్టుకుని మెలకువ వస్తుందేమోనని భయమేసి, పుస్తకంలో చెప్పినట్టు రెండు చేతులూ రుద్దుకున్నాను. నిలబడింది.

అడిగాను. ‘‘గా రోజు ఫోన్ల మాట్లాడలేదని బాధయిందా బాపు?’’

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, ‘‘పర్వాలేదు నాన్నా, అప్పుడు నువ్వు చిన్నపిల్లవాడివి కదా’’ అన్నాడు.

మా బాపు జన్మలో పర్వాలేదు అన్న మాట వాడలేదు. ఏం గాదు తీయ్ అంటాడు. నన్ను నాన్నా అని పిలిచే సమస్యే లేదు, పిలగా అంటాడు. అది సినిమాల్లో తండ్రుల భాష. నేను ఆఫీసులో, నోటుబుక్కులో వాడే భాష. ఆ మాట వినగానే చెయ్యి బరువు పోయింది. తర్వాత గోడ పోయింది. మేలుకున్నాను.

ఆ పొద్దున నోటుబుక్కులో ఒక్క క్రియ దగ్గర అరగంట కూర్చున్నాను. ‘బాపు అన్నాడు’ అని రాసి కొట్టేశాను. ‘అన్నాడట’ అని రాశాను. అదీ అబద్ధమే, నేను పూర్తి తెలివితో అక్కడే ఉన్నాను. చివరికి రాసింది: ‘బాపుతో అనిపించాను.’ ఆ మాట పెట్టాలని నేను అనుకోలేదు, నిజమే. అడిగాను, అంతే. కానీ అడుగుతున్నప్పుడే ఏ జవాబు కావాలో నాకు తెలుసు. అక్కడ నేను కాకుండా ఇంకెవరూ లేరనీ తెలుసు.

ఇది చెప్పినప్పుడు ఒక స్నేహితురాలు కోప్పడింది. ‘‘నువ్వు కథలు రాస్తావు. చచ్చిపోయినవాళ్లతో పేజీలకు పేజీలు మాట్లాడిస్తావు. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు? మనసుకు కాస్త ఊరట దొరికితే ఎవరికి నష్టం?’’ మంచి ప్రశ్నే. పీడకలలతో బాధపడేవాళ్లకు పగటిపూట ఆ కల ముగింపు మార్చి పదేపదే ఊహించుకోమని వైద్యులే చెబుతారు, అది పనిచేస్తుంది కూడా. ఎవరినో తరిమే దయ్యాన్ని కుక్కపిల్లగా మార్చుకుంటే నాకేం అభ్యంతరం? దయ్యం ఎవరికీ బాకీ లేదు. క్షమాపణ అలా కాదు. అది అవతలి మనిషి దగ్గర ఉండే వస్తువు. ఆయన ఇవ్వకపోవచ్చు కూడా అన్న వీలు ఉంటేనే ఇచ్చినదానికి విలువ. కథలో అయితే చదివేవాడికి ఇది నేను కల్పించిందని తెలుసు. ఇక్కడ రాసేదీ నేనే, చదివేదీ నేనే, మోసపోయేదీ నేనే.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని సంగతి వేరే ఉంది. కలలో ఆయన భాష తప్పింది కాబట్టి దొరికిపోయాను. తప్పకపోయి ఉంటే? ఏం గాదు తీయ్ పిలగా అని, అదే గొంతుతో, అదే యాసతో అని ఉంటే? పదమూడేళ్ల వయసునుంచి మోస్తున్నది ఆ పొద్దున దించేసేవాణ్ని. హాయిగా దించేసేవాణ్ని. నాలుగో రాత్రి వచ్చిన బాపు, ఏం అనకుండా చూసి ఊరుకున్న బాపు, ఆ హాయి కింద పూడిపోయేవాడు. నేను పిలవకుండా వచ్చింది ఆయన ఒక్కడే. ఆయన ఎవరు పంపితే వచ్చాడో నాకు తెలీదు, నా మెదడే పంపి ఉంటుంది. కానీ ఆయన నాకు కావలసింది చెప్పలేదు. ఆ ఒక్క కారణానికి ఆయన మీద నాకు నమ్మకం ఎక్కువ.

బస్సు బోర్డులు రెండుసార్లు చదవడం మానేశాను. అలారం పెట్టుకుని లేవడమూ మానేశాను. నోటుబుక్కు మాత్రం మానలేదు, ఇప్పుడు మూడోది నడుస్తోంది. మొదట రికార్డు, తర్వాత దాన్నుంచి అక్షరం మార్చకుండా ఎక్కించడం. చెద్దరును చెద్దరు అనే రాస్తాను. గుర్తులేని చోట ఖాళీ వదులుతాను. కొన్ని పేజీల్లో ఖాళీలే ఎక్కువ. ఎవరికైనా కలల డైరీ మొదలుపెట్టాలని ఉంటే, ఎగరడానికో ఎవరినో కలవడానికో, నేను వద్దనను. రికార్డు చేసుకుని, వారం తర్వాత పోల్చి చూసుకోమంటాను.

ఊర్నుంచి బయల్దేరే ముందురోజు అమ్మ వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తోంది. ఇరవై ఐదుకు ఒక కట్ట. తల ఎత్తకుండానే అడిగింది.

‘‘నడిజాముల ఎవలతోని మాట్లాడుతున్నవ్‌రా నువ్వు?’’

‘‘ఎవలతోని లేదు. కల వడితే ఫోన్ల చెప్పుకుంటున్న. మర్సిపోకుండ.’’

‘‘ఫోనుకు చెప్తవా!’’ నవ్వింది. ఆకు చుట్టి, దారం కట్టి, చివర మడిచి, కాసేపటికి అంది. ‘‘నాకు గూడ వడ్డది మొన్న. మీ బాపు అచ్చిండట. గీ దర్వాజల్నే నిలవడ్డడట. నేను గిట్లనే బీడీలు చేస్తున్ననట. వెయ్యికి ఇంక జర తక్కువున్నయట. లెక్క తప్పుతదని తల ఎత్తుతలేనట.’’

‘‘మరి బాపు?’’

‘‘నిలవడే ఉన్నడట.’’

‘‘ఎంతసేపు?’’

‘‘లెక్క అయ్యేదాక.’’

‘‘అయినంక?’’

‘‘అయినంకేంది, తెల్లారింది.’’

రాసుకుంటానంటే రాసుకో అంది. లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి, తేదీ వేసి, అమ్మ కల అని పేరు పెట్టి, ఆమె చెప్పినట్టే, ప్రతి ‘ట’ ఉంచి రాశాను. చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది.

‘‘చెద్దరు రాయలేదేంది?’’

‘‘నువ్వు చెప్పలే.’’

‘‘చెప్పలేనా? భుజం మీద చెద్దరుండెనట. పులిది. రాయి.’’

నేను ఫోన్‌లో చెద్దరు గురించి గుసగుసలాడిన రాత్రి అమ్మ పక్క మంచంలోనే ఉంది. నిద్రపోతోందనే అనుకున్నాను. రాశాను.